పాల్ అనే పేరుకు అర్థం, పుట్టుక: 'చిన్నవాడు' అని భయపడాలా?

మీరు అడిగినవి మూడు విషయాలు. బాబుకు వాళ్ల తాతగారి పేరు 'పాల్' పెట్టాలనుకుంటున్నారు. నెట్‌లో వెతికితే 'చిన్నవాడు, అల్పుడు' అని అర్థం కనిపించింది. అది విని మీ అత్తగారు "అంత పెద్ద ప్రపంచంలో ఈ పేరే దొరికిందా" అంటున్నారు. రెండోది, దమస్కు దారిలో మారుమనస్సు పొందిన సౌలుకు దేవుడే పౌలు అని పేరు మార్చాడని చర్చిలో విన్నారు, అది నిజమా అని. మూడోది, పెడితే పాల్ అని పెట్టాలా, పౌలు అని పెట్టాలా అని.

నేను థియాలజీ కాలేజీలో గ్రీకు, దానితో పాటు కొంత లాటిన్ చెప్పేవాణ్ని. మొదటి రెండు ప్రశ్నలు ఏ బ్యాచ్‌లోనైనా వచ్చేవి. కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి. టూకీగా చెప్పాలంటే, అర్థం నిజమే కానీ భయపడాల్సింది ఏమీ లేదు. పేరు మార్పు కథ బైబిల్లో లేదు. మూడోది మీ ఇష్టం, కాకపోతే ఒకటి రెండు చిక్కులున్నాయి.

ముందు అర్థం సంగతి. లాటిన్‌లో 'పౌలుస్' అంటే చిన్న, కొద్దిపాటి అని. రెండు 'ల'లతో 'పౌల్లుస్' అని రాయడం పాత పద్ధతి. 'కొన్ని' అనే అర్థం ఉన్న 'పౌకుస్', 'పేద' అనే అర్థం ఉన్న 'పౌపెర్' అనే లాటిన్ మాటలు దీనికి చుట్టాలు. ఇంగ్లీషు 'ఫ్యూ', 'పూర్' కూడా ఆ వంశంలోవే. సంస్కృతంలోని 'పుత్ర' శబ్దాన్ని కూడా కొందరు భాషావేత్తలు ఇదే మూలానికి చేరుస్తారు. అంటే మీ అత్తగారికి చెప్పుకోవడానికి ఒక మంచి మాట దొరికినట్టే.

నెట్‌లో పేర్ల అర్థాలు ఇచ్చే సైట్లు ఇంతటితో ఆగిపోతాయి. అసలు కథ దీని తర్వాతే మొదలవుతుంది. ఎందుకంటే రోమన్లు 'పౌల్లుస్' అన్నది పిల్లాడికి ముద్దుగా పెట్టుకున్న పేరు కాదు, అది ఒక గొప్పింటి ఆనవాలు.

రోమ్‌లో పెద్దింటి మగవాడికి మామూలుగా మూడు పేర్లుండేవి. మొదటిది ఇంట్లో పిలిచే పేరు. లూకియుస్, గాయుస్, మార్కుస్ లాంటివి, ఓ ఇరవై లోపే వాడుకలో ఉండేవి. రెండోది వంశం పేరు: ఐమీలియుస్, కొర్నేలియుస్, యూలియుస్. మూడోది ఆ వంశంలోని శాఖను గుర్తుపట్టే పేరు. ఈ మూడో రకం పేర్లు చూస్తే నవ్వొస్తుంది. మహావక్త సిసెరో పేరులో ఉన్నది శనగ గింజ. కవి ఓవిడ్ మూడో పేరు నాసో, అంటే ముక్కువాడు. స్త్రాబో అంటే మెల్లకన్ను, కాల్వుస్ అంటే బట్టతల, బాల్బుస్ అంటే నత్తి, క్రాస్సుస్ అంటే లావుపాటివాడు. ఎప్పుడో ఒక ముత్తాతకు ఊళ్లోవాళ్లు తగిలించిన వెక్కిరింపు మనవళ్ల కాలానికి బిరుదులా నిలబడిపోయింది. పౌల్లుస్ కూడా ఆ రకమే. మొదట ఎవరో పొట్టిగా ఉండి ఉండాలి, లేదా అన్నదమ్ముల్లో చిన్నవాడై ఉండాలి.

మనకు ఇది కొత్తేం కాదు. పొట్టి శ్రీరాములు గారి ఇంటిపేరు 'పొట్టి'. ఆ పేరు తలచుకోగానే మనకు గుర్తొచ్చేది 1952లో ప్రాణం పోయేదాకా చేసిన దీక్ష. ఆయన ఎత్తు ఎంత అని ఎవరికీ తోచదు. రోమ్‌లో పౌల్లుస్ అన్న మాట విన్నవాళ్లకు కూడా సరిగ్గా అంతే. వాళ్లకు గుర్తొచ్చేది ఐమీలియా వంశం, రోమ్‌లోని పాత పెద్దకుటుంబాల్లో ఒకటి.

ఆ ఇంటి కథ కొంచెం చెప్పాలి, నాకు బాగా ఇష్టమైనది. క్రీ.పూ. 216లో రోమ్‌కు శత్రువైన కార్తేజ్ నగరపు సేనాని హన్నిబాల్ చేతిలో రోమన్ సైన్యం కాన్నే దగ్గర ఊచకోతకు గురైంది. ఆ రోజు యుద్ధంలో చనిపోయిన కాన్సుల్, అంటే ఆ ఏడాది రోమ్‌ను ఏలే ఇద్దరు పెద్ద అధికారుల్లో ఒకడు, లూకియుస్ ఐమీలియుస్ పౌల్లుస్. అదే పేరున్న ఆయన కొడుకు క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర మాసిడోనియా రాజు పెర్సియుస్‌ను ఓడించాడు. అలెగ్జాండర్ పుట్టిన దేశపు రాజరికం దాంతో ముగిసింది. ఈ కొడుకుకు మొదటి భార్య వల్ల ఇద్దరు, రెండో భార్య వల్ల ఇద్దరు మగపిల్లలు. పెద్దవాళ్లిద్దరినీ వేరే పెద్దిళ్లకు దత్తత ఇచ్చేశాడు. వాళ్లలో ఒకడే తర్వాత క్రీ.పూ. 146లో కార్తేజ్‌ను నేలమట్టం చేసిన స్కిపియో. ఇంటి పేరు నిలబెట్టడానికి చిన్నవాళ్లిద్దరినీ ఉంచుకున్నాడు. రోమ్‌లో విజయోత్సవ ఊరేగింపుకు ఐదు రోజుల ముందు వాళ్లలో ఒకడు పోయాడు. ఊరేగింపు అయిన మూడు రోజులకు రెండోవాడు పోయాడు. దత్తత వెళ్లినవాళ్లు అటువైపు పేర్లు పెట్టుకున్నారు కాబట్టి ఆ శాఖలో పౌల్లుస్ అనే పేరు అక్కడితో తెగిపోయింది. తర్వాత అదే ఐమీలియా వంశంలోని లెపిదుస్ శాఖవాళ్లు ఆ పేరును మళ్లీ తెచ్చి పెట్టుకున్నారు. అంతగా గౌరవం ఉన్న పేరన్నమాట. క్రీస్తు పుట్టే కాలానికి కొన్ని గొప్పిళ్లలో దాన్ని మొదటి పేరుగా కూడా పెట్టారు. క్రీ.పూ. 11లో కాన్సుల్ అయిన పౌల్లుస్ ఫాబియుస్ మాక్సిముస్ ఒక ఉదాహరణ. 'చిన్న' తో మొదలై 'అతి గొప్ప' తో ముగిసే పేరు! ఆయనకు అందులో ఏ తేడా కనిపించి ఉండదు.

ఇక తార్సు పట్టణపు యూదుడైన అపొస్తలుడు పౌలుకు ఈ రోమన్ దొరల పేరు ఎలా వచ్చిందన్నది రెండో ప్రశ్న.

మీరు చర్చిలో విన్న కథ చాలామంది నమ్మేదే. అబ్రాము అబ్రాహాము అయ్యాడు, యాకోబు ఇశ్రాయేలు అయ్యాడు, సీమోనుకు యేసు పేతురు అని పేరు పెట్టాడు, అలాగే సౌలు పౌలయ్యాడు అని ప్రసంగాల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది కూడా. కానీ అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం తీసి చూడండి. దమస్కు దారిలో వెలుగు కమ్మింది, "సౌలా, సౌలా" అని స్వరం వినబడింది. పేరు మార్చిన మాటే లేదు. అననీయ వచ్చి చేతులుంచినప్పుడు కూడా "సౌలా, సహోదరుడా" అనే పిలిచాడు. బాప్తిస్మం అయ్యింది, దమస్కులో ప్రకటించాడు, యెరూషలేము వెళ్లాడు, సిరియాలోని అంతియొకయ సంఘంలో పనిచేశాడు. సుమారు పదేళ్ల పాటు గ్రంథం ఆయన్ని సౌలు అనే అంటుంది.

పౌలు అన్న మాట మొదటిసారి వచ్చేది 13వ అధ్యాయం 9వ వచనంలో. అక్కడ ఉన్నది 'పౌలు అనబడిన సౌలు' అని మాత్రమే. అంటే అప్పటికే ఆయనకు ఆ రెండో పేరు ఉంది, రాసినవాడు దాన్ని ఇక్కడ బయటపెట్టాడు. స్థలం ఎక్కడో చూడండి: కుప్ర ద్వీపంలోని పాఫు పట్టణం, రోమన్ అధిపతి కొలువు. సువార్త మొదటిసారి ఒక రోమన్ పెద్ద అధికారి ముందుకు వెళ్లిన ఘట్టం. అక్కడి నుంచి గ్రీకు, రోమన్ ఊళ్లలోనే పని. కాబట్టి కథ కూడా హెబ్రీ పేరు వదిలి రోమన్ పేరు పట్టుకుంటుంది. ఆయన రాసిన పత్రికల్లో సౌలు అన్న పేరు ఒక్కసారి కూడా కనబడదు.

ఇక్కడ గ్రీకు చదివేవాళ్లకు మాత్రమే కనిపించే ఒక ముచ్చట ఉంది. కథనంలో సౌలు పేరు వచ్చినప్పుడు గ్రీకు తోక తగిలించి 'సౌలొస్' అని రాశారు. కానీ దమస్కు దారిలో స్వరం పిలిచినప్పుడు మాత్రం 'సావూల్, సావూల్' అని తోక లేని హెబ్రీ రూపం. ఆ స్వరం హెబ్రీ భాషలో మాట్లాడిందని 26వ అధ్యాయంలో పౌలే చెబుతాడు. పేరు మార్చడానికి పిలిచి ఉంటే ఇంట్లో పిలిచే ఆ పేరుతో పిలవాల్సిన పని లేదు.

రెండు పేర్లుండటం ఆ కాలపు యూదుల్లో మామూలే. 'మార్కు అను మారుపేరుగల యోహాను' ఉన్నాడు, యూస్తు అనే మారుపేరున్న యోసేపు ఉన్నాడు, నీగెర్ అనబడిన సుమెయోను ఉన్నాడు. మార్కు, యూస్తు, నీగెర్ మూడూ లాటిన్ పేర్లే. మన ఊళ్లలో కూడా బాప్తిస్మం పేరు ఒకటి, స్కూల్ సర్టిఫికెట్‌లో పేరు ఒకటి ఉన్నవాళ్లు ఎంతమంది లేరు! రెండు పేర్లూ దగ్గరగా వినిపించేలా చూసుకోవడం ఒక పద్ధతి. యేషూవ అనే పేరున్న యూదుడు గ్రీకువాళ్ల దగ్గర యాసోను అని చెప్పుకునేవాడు. సౌలు, పౌలు జంట కూడా అలా కుదిరి ఉండొచ్చు.

పైగా ఈయన పుట్టుకతో రోమన్ పౌరుడు. పౌరుడికి మూడు పేర్లుండాలి కాబట్టి, పౌలు అన్నది ఆ మూడింట్లో చివరిది అయ్యుండాలన్నది ఎక్కువమంది పండితుల మాట. ముందు రెండూ ఎక్కడా నమోదు కాలేదు. పౌరసత్వంతో పాటు పేరు ఎలా అంటుకుంటుందో చూడాలంటే ఆయన్ని యెరూషలేములో అరెస్టు చేసిన సహస్రాధిపతినే చూడొచ్చు. "చాలా డబ్బిచ్చి ఈ పౌరసత్వం సంపాదించుకున్నాను" అన్నాడే, ఆయన పేరు క్లౌదియ లూసియ. లూసియ సొంత గ్రీకు పేరు, క్లౌదియ అన్నది ఆయనకు పౌరసత్వం వచ్చినప్పటి చక్రవర్తి క్లౌదియుస్ వంశం పేరు. పౌలు తాత ముత్తాతలకూ పౌల్లుస్ అనే పెద్దమనిషి ఎవరో పౌరసత్వం ఇప్పించి ఉండొచ్చని ఊహించేవాళ్లున్నారు.

ఇంకొక ఊహ కుప్రకు సంబంధించింది. ఆ రోమన్ అధిపతి పేరు కూడా పౌలే: సెర్గి పౌలు. అంతటివాడు విశ్వసించాడు కాబట్టి ఆ గెలుపుకు గుర్తుగా అపొస్తలుడు ఆయన పేరు పెట్టుకున్నాడని 4వ శతాబ్దంలో బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ రాశాడు. ఆఫ్రికాను గెలిచిన స్కిపియో 'ఆఫ్రికానుస్' అనే బిరుదు పెట్టుకున్నట్టు అని పోలిక కూడా చెప్పాడు. నాకు ఇది అంతగా రుచించదు. గెలిచిన ఆత్మల పేర్లు బిరుదుగా తగిలించుకునే స్వభావం ఆ పత్రికలు రాసిన మనిషిలో కనిపించదు. అయితే సెర్గి పౌలుల కుటుంబం కల్పన కాదు. కుప్ర తర్వాత పౌలు వెళ్లిన పిసిదియలోని అంతియొకయలో ఆ కుటుంబం పేరున్న శాసనం బయటపడింది. ఆ పెద్దమనిషి బంధువులు అక్కడ ఉండబట్టే ప్రయాణం అటు తిరిగిందని కొందరు చరిత్రకారులు అంటారు.

మూడో ఊహ కాస్త చిలిపిది. గ్రీకులో 'సౌలొస్' అంటే వయ్యారంగా ఊగుతూ నడిచేది అని అర్థం. ఆ పేరుతో గ్రీకు ఊళ్లో నిలబడి ఉపదేశం చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే పక్కన పెట్టాడని కొందరంటారు.

మరి 'అల్పుడు, వినయం గలవాడు' అన్న అర్థం ఎక్కడిది? అది ఆగస్టీను లాంటి సంఘ పితరులు, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ గురువులు, ఇచ్చిన భాష్యం. లాటిన్ మాతృభాష అయినవాళ్లకు పౌలుస్ అనగానే 'చిన్న' అని చెవిన పడుతుంది. కొరింథీయులకు రాసిన పత్రికలో "నేను అపొస్తలులందరిలో తక్కువవాడను" అని పౌలే అన్నాడు కదా, రెండూ కలిపి, తగ్గించుకోవడానికే ఆ పేరు ఎంచుకున్నాడని ఆగస్టీను చెప్పాడు. దీనికి తోడు పాత నిబంధనలోని సౌలు రాజు ఉండనే ఉన్నాడు. ఆయనా బెన్యామీను గోత్రమే, ఇశ్రాయేలులో అందరికంటే భుజాల పైకి ఎత్తు ఉన్న మనిషి, దావీదును తరిమినవాడు. అంత పొడగరి పేరు వదిలి 'చిన్న' అయ్యాడంటే ప్రసంగానికి అంతకంటే మంచి పాయింట్ ఏముంటుంది? 2వ శతాబ్దపు ఒక కథలో పౌలును పొట్టివాడు, బట్టతల, దొడ్డికాళ్లు, కలిసిపోయిన కనుబొమ్మలు అని వర్ణించారు. పేరు చూసి రూపం రాశారో, విన్నది రాశారో గానీ, చర్చిల్లో గీసిన బొమ్మల్లో ఆ బట్టతల ఇప్పటికీ అలాగే ఉంది. భాష్యంగా ఇవన్నీ చక్కగా ఉన్నాయి. పేరు పుట్టుకకు మాత్రం సాక్ష్యం కావు.

తర్వాత ఈ పేరు పాకిన తీరు మామూలుగా లేదు. 3వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా బిషప్ దియొనీసియుస్, విశ్వాసుల పిల్లల్లో పౌలు, పేతురు అన్న పేర్లు చాలా ఉన్నాయని రాశాడు. అంటే అప్పటికే వంశం, మూడో పేరు అన్న రోమన్ లెక్క పోయి, అపొస్తలుడి మీద ప్రేమతో పెట్టే పేరైపోయింది. ఇటలీలో పావొలో, స్పెయిన్‌లో పాబ్లో, రష్యాలో పావెల్, హంగరీలో పాల్, ఫిన్లాండ్‌లో పావో, అరబ్బు క్రైస్తవుల్లో బూలుస్, అర్మేనియాలో పోగోస్ అన్నీ ఇదే పేరు. ఆడపిల్లలకు పౌలా, పౌలీనా. బ్రెజిల్‌లోని సావో పావులో నగరం 1554 జనవరి 25న, పౌలు మారుమనస్సు పండుగ రోజున మొదలైంది కాబట్టి దానికా పేరు. పోపుల్లో ఆరుగురు పౌలులున్నారు. వాళ్లలో ఆరో పౌలు 1964 డిసెంబరులో బొంబాయి వచ్చారు, భారతదేశానికి వచ్చిన మొదటి పోపు ఆయనే.

మన వైపు సంగతికొస్తే, మీ అత్తగారికి చూపించాల్సింది ఇదే. తమిళ కేథలిక్కులు పాతకాలం నుంచి పేతురును 'రాయప్పర్' అని, పౌలును 'చిన్నప్పర్' అని పిలుచుకున్నారు. పేతురు అంటే రాయి, పౌలు అంటే చిన్న. రెండు పేర్లకూ అర్థం తీసుకుని 'అప్ప' చేర్చి సొంత పేర్లు చేసుకున్నారు. మన గుంటూరు, పల్నాడు వైపు పాత కేథలిక్ కుటుంబాల్లో రాయప్ప, చిన్నప్ప, చిన్నపరెడ్డి అన్న పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. ప్రతి చిన్నప్పా పౌలు కాదు, ఆ పేరు హిందువుల్లోనూ బోలెడంత ఉంది. కానీ ఆ చర్చిల్లో చిన్నప్ప అని పిలిపించుకున్న తాతలెవరూ 'చిన్న' అన్నందుకు తగ్గిపోలేదు. కేరళలో మాత్రం అర్థం జోలికి పోకుండా పౌలోస్ అని శబ్దాన్నే ఉంచుకున్నారు.

మన బైబిల్లోని 'పౌలు' కూడా శబ్దానికి దగ్గరిదే. గ్రీకు పౌలొస్‌లో చివరి తోక తీసి తెలుగు ఉకారం పెట్టారు. మార్కు, తీతు కూడా ఇలా వచ్చిన లాటిన్ పేర్లే. మొదటి శతాబ్దపు రోమన్ ఎవరైనా లేచొచ్చి వింటే ఇంగ్లీషువాళ్ల 'పాల్' కంటే మన 'పౌలు'నే త్వరగా గుర్తుపడతాడు.

ఇక పాల్ అని పెట్టాలా, పౌలు అనా. పాల్ అంటే ఉన్న మొదటి చిక్కు, ఉత్తరాది పాల్‌తో కలిసిపోవడం. బెంగాలీల ఇంటిపేరు పాల్ సంస్కృతంలోని 'పాల' నుంచి వచ్చింది, కాపాడేవాడు అని అర్థం. గోపాల్‌లో ఉన్నది అదే. బెంగాలీలు, పంజాబీలు కొందరు దాన్ని ఇంగ్లీషులో అపొస్తలుడి పేరులాగే పి, ఎ, యు, ఎల్ అని రాస్తారు. లాటిన్ పేరుతో దానికి ఏ చుట్టరికమూ లేదు. విజయ్ పాల్, ధర్మపాల్ లాంటి పేర్లు విని ఇది ఏ పాల్ అని చెప్పలేం. మీ రెండు వైపుల వాళ్లనూ ఒప్పించాల్సి ఉంది కాబట్టి ఈ కలయిక మీకు సుఖమే కావచ్చు. అయితే ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో 'యు' తప్పకుండా ఉంచండి, అది పోతే పూర్తిగా రెండో పేరైపోతుంది. రెండో చిక్కు బడిలో వస్తుంది. 'పాలు తాగావా పాల్' అని తోటి పిల్లలు ఏడిపించకుండా ఉండరు. ఒకటో క్లాసులో కాస్త ఉంటుంది, తర్వాత పోతుంది.

పౌలు అని పెడితే ఈ రెండు గొడవలూ ఉండవు. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో చివర 'యు' కూడా రాస్తే, రేపు బాబు విదేశాలకు వెళ్తే అక్కడివాళ్లు ఆ పేరును పలకలేక తంటాలు పడతారు. నన్నడిగితే తెలుగులో పౌలు అని, ఇంగ్లీషులో పాల్ స్పెల్లింగ్ అని రెండు విధాలా ఉంచుకోవచ్చు. ఒకే పేరుకు రెండు భాషల రూపాలే కాబట్టి తప్పేమీ లేదు. కాకపోతే బర్త్ సర్టిఫికెట్ అప్లికేషన్ ఇచ్చేటప్పుడే రెండు లిపుల్లోనూ ఏం రాయాలో తేల్చుకోండి. ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టకుండా పూర్తిగా రాయించండి, లేకపోతే పాస్‌పోర్ట్ దగ్గర ఇంటిపేరు గడిలో ఏం నింపాలన్న టెన్షన్ మొదలవుతుంది. తాతగారి పేరే పెడుతున్నారు కాబట్టి, వీలుంటే ఆయన బాప్తిస్మం రిజిస్టర్‌లో ఏ రూపం రాశారో చర్చిలో ఒకసారి అడగండి. ఇంట్లో అందరూ పాల్ అని పిలిచిన పాతతరం వాళ్లలో చాలామందికి అక్కడ రాసి ఉండేది పౌలు అనే.